మామిడి తోట ఆసామి జీవితంతో ఎనిమిదో తరగతికి జిల్లా చరిత్ర: ఎట్లా మొదలుపెట్టాలి?

సాంఘికం_చిత్తూరు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఎనిమిదో తరగతి, 40 మంది పిల్లలు, చేతిలో ఆరు పీరియడ్లు. జమీందారీ, రైత్వారీ పాఠం పిల్లలకు అంటడం లేదు. కారన్‌వాలిస్, మన్రో పేర్లు బట్టీ పడతారు గానీ, అది తమ ఊరి పొలాలకు సంబంధించిన సంగతేనని వాళ్లకు తోచడం లేదు. అందుకని ఒక మామిడి తోట ఆసామిని తీసుకుని, ఆయన పుట్టినప్పటి నుంచి పోయేదాకా జిల్లాలో ఏమేం మారిందో చెప్పాలని ఆలోచన. ఆసామి నిజంగా బతికినవాడై ఉండాలా, మనమే కల్పించుకోవచ్చా? పిల్లల చేతికి ఎలాంటి కాగితాలు ఇవ్వాలి? ఆసామి గొప్పల దగ్గరే ఆగిపోకుండా ఉండాలంటే ఏం చేయాలి? ఇట్లాంటి పాఠం నడిపినవాళ్లు వివరంగా చెప్పండి.

పురికొస_మాస్టారు

సార్, మనిషిని కల్పించండి, కాగితాలు మాత్రం నిజమైనవి పెట్టండి. నిజంగా బతికిన ఆసామిని తీసుకుంటే ఆయన మనవలు, మునిమనవలు మీ తరగతిలోనో పక్క తరగతిలోనో ఉంటారు. అప్పుడు పాఠం ఒక ఇంటి గౌరవం సంగతి అయిపోతుంది, ఎవరూ నోరు విప్పరు. మొదటి రోజే బోర్డు మీద రాసేయండి: "ఈ మనిషి కల్పితం, ఈ కాగితాలు నిజం." పిల్లలు ఈ తేడాను పెద్దవాళ్ల కన్నా బాగా పట్టుకుంటారు.

పుట్టిన సంవత్సరం ఎంచుకోవడంలోనే సగం పాఠం ఉంది. నా లెక్కన 1911 సరిపోతుంది. ఆ ఏడాది ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు వైపు తాలూకాలు ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలో ఉండేవి. ఆసామి ఈడూ జిల్లా ఈడూ ఒకటే కాబట్టి ఏ సంగతి చెప్పినా "అప్పటికి ఆయనకెన్నేళ్లు?" అని అడగొచ్చు. 1936లో తోట పెట్టేనాటికి 25. ఎస్టేట్ల (జమీన్ల) రద్దు చట్టం వచ్చిన 1948లో 37. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన 1953లో 42. అణాలు పోయి నయాపైసలు వచ్చిన 1957లో 46. తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లిన 1960లో 49. భూపరిమితి (ఒక కుటుంబానికి ఇంత భూమే అన్న హద్దు) అమల్లోకి వచ్చిన 1975లో 64. కరణాల, మునసబుల వంశపారంపర్య పదవులు రద్దైన 1984లో 73. అక్కడ ఆపండి.

దీనికి ఒక పురికొస చాలు. పదేళ్లకు ఒక మీటరు చొప్పున కొలిస్తే 73 ఏళ్లకు 7 మీటర్ల 30 సెంటీమీటర్లు. వరండాలో కట్టి, ఏడాదికి 10 సెంటీమీటర్ల లెక్కన బట్టల క్లిప్పులతో కార్డులు తగిలిస్తారు. నల్లబల్ల మీద గీసిన కాలరేఖ మర్నాటికి చెరిగిపోతుంది. ఇది ఆరు పీరియడ్లూ కళ్ల ముందే ఉంటుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త: ఊరు ఎంచుకోవడం. మన పక్క ఒకే జిల్లాలో రెండు రకాల ఊళ్లు ఉండేవి. కార్వేటినగరం, శ్రీకాళహస్తి, పుంగనూరు జమీన్ల కింది ఊళ్లలో రైతు శిస్తు జమీందారు కచేరీకి పోయేది. మదనపల్లె వైపు 1800లో నిజాం వదిలిన దత్తమండలాలతో పాటు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. అక్కడ మన్రో 1807 దాకా కలెక్టరుగా ఉండి, రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైత్వారీకి పునాది వేసినాడు. తిరుమలలో మన్రో గంగాళం పేరు విన్న పిల్లలు ఎక్కడైనా ఉంటారు. ఆ మన్రో, పాఠంలోని మన్రో ఒకరేనని చెప్పండి, చెవులు నిక్కబొడుచుకుంటాయి. మీ ఆసామిని రైత్వారీ ఊళ్లో పెడితే 1948లో ఆయన జీవితంలో ఏమీ మారదు, కార్డు ఖాళీ. జమీన్ ఊళ్లో పెడితే అదే నేల, అదే మనిషి, శిస్తు కట్టించుకునేవాడు మాత్రం మారిపోతాడు. కాబట్టి కార్వేటినగరం వైపు ఊరనుకోండి.

పిల్లలు తప్పకుండా చేసే పొరపాటు ఒకటుంది: తోట ఆసామినీ జమీందారునీ ఒకటి చేసేస్తారు. ఆసామి ఎంత ఉన్నవాడైనా జమీందారుకు శిస్తు కట్టే రైతే. ఆయన కింద జీతగాళ్లు, కూలీలు. రెండో పీరియడులో ముగ్గురు పిల్లల్ని ముందుకు పిలిచి జమీందారు, ఆసామి, జీతగాడు అని వరసగా నిలబెట్టండి. 20 చింతపిక్కలు (పంట అనుకోండి) జీతగాడి చేతికిచ్చి పైకి అందించమనండి. ఎవరి దగ్గర ఎన్ని ఆగాలో తరగతే వాదించుకుంటుంది. ఆ వాదన తెగకపోయినా పరవాలేదు.

పాత_దస్త్రం

కాగితాల సంగతి నేను చెబుతాను. నాలుగు చాలు, అంతకు మించితే పిల్లలకు బరువు: ఒక అడంగల్ పేజీ (ఏ నేలలో ఎవరు ఏం సాగు చేస్తున్నారో రాసే ఊరి లెక్క), ఒక ఎఫ్‌ఎంబీ నక్షా (పొలం కొలతల పటం), ఒక భాగపరిష్కార దస్తావేజు (ఆస్తి పంపకం కాగితం), ఒక శిస్తు రశీదు.

అన్నీ ఒకే సర్వే నంబరువి అయితే మేలు. ఒక సర్వే నంబరును దాని మొదటి రికార్డు నుంచి పట్టుకుని వస్తే మనుషులు మారతారు, పంట మారుతుంది, విస్తీర్ణం ముక్కలవుతుంది, నంబరు మాత్రం నిలబడుతుంది. 42 అనేది 42/1, 42/2ఏ అవుతుంది. నంబరు పక్కన ఆ గీత పడిందంటే అన్నదమ్ములు పంచుకున్నారనో, అమ్మకం జరిగిందనో అర్థం. ఇది పిల్లలు తమంతట తామే కనుక్కుంటారు. ముందే చెప్పేయకండి.

ఎక్కడ దొరుకుతాయి అంటారా? సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజులు ఎక్కే 1వ నంబరు పుస్తకాన్ని రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఆ వీలుంది. వీలునామాల పుస్తకాన్ని అట్లా ఎవరైనా తెరిచి చూసే వీలు లేదు, అడిగి భంగపడవద్దు. అడంగల్, ఎఫ్‌ఎంబీ తహసీల్దారు ఆఫీసులో. ఇంకో సంగతి: జమీన్ ఊరైతే ఎస్టేటు రద్దుకు ముందటి సర్కారు అడంగల్ కోసం వెతకొద్దు. అప్పటి లెక్కలు ఎస్టేటు కచేరీవి. రద్దైన తర్వాత సర్వే, సెటిల్‌మెంటు జరిగినాకే సర్కారు రికార్డు మొదలవుతుంది. రికార్డు ఎందుకు లేదు అన్నది కూడా పిల్లలకు పాఠమే.

చదవడంలో మూడు చోట్ల పిల్లలు ఇరుక్కుంటారు. మొదటిది కరణం గొలుసుకట్టు రాత. ఎత్తిన చేయి దించకుండా రాసిన ఆ అక్షరాలు పెద్దవాళ్లకే కష్టం. నకలును ఏ3 సైజుకు పెంచి, కింద మీరు తేటగా రాసిన ప్రతి అతికించండి. పది మాటలు మాత్రం ఖాళీ వదలండి, వాళ్లు పూరిస్తారు. రెండోది తెలుగు అంకెలు. ౧౯౪౮ అని ఉంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. ౦ నుంచి ౯ దాకా పట్టిక ఒక్కో జట్టుకు ఒకటి ఇవ్వండి. ౨, ౩ దగ్గర ఎక్కువ తప్పులు పడతాయి.

మూడోది ఫసలీ. పాత శిస్తు రశీదు మీద క్రీస్తు శకం కాకుండా ఫసలీ ఉంటుంది. అది శిస్తు కోసం పెట్టుకున్న ఏడాది లెక్క, జూలై 1న మొదలవుతుంది. జూలై నుంచి డిసెంబరు దాకా తేదీ అయితే 590 కలపాలి, జనవరి నుంచి జూన్ అయితే 591. ఫసలీ 1358 సెప్టెంబరు అంటే 1948, అదే ఫసలీ మార్చి అంటే 1949. అందరూ గుడ్డిగా 590 కలిపేస్తారు, సగం రశీదులు ఒక ఏడాది వెనక్కి పోతాయి. పురికొస మీద 10 సెంటీమీటర్ల తేడా కనిపించేసరికి తప్పు వాళ్లకే తెలుస్తుంది.

డబ్బు లెక్క కూడా ముందే చెప్పండి. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు (ఇవి పైసలు కావు), అంటే రూపాయికి 192 పైలు. రశీదులో 3-8-0 అంటే మూడున్నర రూపాయలు. మూడు రూపాయల ఎనభై పైసలు అని చదివేవాళ్లే ఎక్కువ.

నకళ్లలో పేర్లు, తండ్రి పేర్లు, కులం గడి నల్లసిరాతో కొట్టేసి మళ్లీ జిరాక్సు తీయండి. కొట్టేసిన అసలు కాగితాన్ని వెలుతురుకు పెడితే పేరు కనిపిస్తుంది, కాబట్టి రెండో జిరాక్సే పిల్లలకు ఇవ్వాలి.

సాంఘికం_చిత్తూరు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఫసలీ లెక్క నాకూ తేటపడింది. ఆసామికి ఎన్ని ఎకరాలు పెట్టమంటారు? తోట ఖర్చు, ఆదాయం ఎంత లోతుగా చెప్పాలి?

తోట_లెక్క

60 ఎకరాల మెట్ట పెట్టండి. పాత పద్ధతిలో 40 అడుగులకొక చెట్టు. ఎకరా 43,560 చదరపు అడుగులు, చెట్టుకు 1,600. ఎకరాకు 27 చెట్లు, 60 ఎకరాలకు 1,620. లెక్కల మాస్టారును ఒక పీరియడు అడిగి తీసుకోండి. ఎఫ్‌ఎంబీలో పాత కొలతలు గొలుసుల్లో ఉంటాయి: గొలుసు 66 అడుగులు, 10 చదరపు గొలుసులు ఒక ఎకరా, అందులో నూరోవంతు సెంటు.

ఆదాయం సంగతి చెప్పేముందు ఖాళీ ఏళ్ల సంగతి చెప్పండి. అంటుమొక్క నాలుగైదేళ్లకు కాపు మొదలెట్టినా, చేతికి డబ్బు కనిపించేది ఏడెనిమిదేళ్లకు. 1936లో పెట్టిన తోట 1943, 44 దాకా తిండి పెట్టదు. మధ్యలో చెట్ల నడుమ వేరుశనగ, ఉలవ, కంది వేసుకుని లాగాలి. అన్నేళ్లు ఆగగలిగినవాడే తోట పెట్టగలడు, రెండెకరాల రైతు పెట్టలేడు. ఆసామికీ చిన్న రైతుకూ తేడా పిల్లలకు ఇక్కడ పట్టుబడుతుంది.

నీళ్లకు కపిల బావి. తోలు బాన, మోకు, ఎడ్లు నడిచే వాలు బాట. ఆ వాలు బాటలు పాత బావుల దగ్గర ఇంకా కనిపిస్తాయి. తర్వాత ఆయిల్ ఇంజను, ఆపైన కరెంటు మోటారు, ఆ తర్వాత బోరు. ఈ నాలుగూ నాలుగు కార్డులు. వెనకాలే బావి లోతు ఎట్లా పెరుగుతూ పోయిందో ఊళ్లో ముసలివాళ్లను అడిగి రాయమనండి.

రకాల పేర్లలో కూడా చరిత్ర ఉంది. మన పక్క బేనిషా అంటాం, మిగతా చోట్ల అదే బంగినపల్లి. ఖాదరు అంటే ఆల్ఫాన్సో. తోతాపురిని బెంగుళూరా అంటాం. పాత తోటల్లో నీలం, బేనిషా, మల్గోబ కలగలిపి ఉంటే, తర్వాతి తోటల్లో ఎటు చూసినా తోతాపురి. కారణం గుజ్జు ఫ్యాక్టరీలు. బేనిషా ఒక ఏడు విరగ్గాసి మరుసటేడు ముఖం చాటేస్తుంది, తోతాపురి ఏటా కాస్తుంది, పులుపు ఉంటుంది, లారీలో నలగదు. కిలో గుజ్జుకు సుమారు రెండు కిలోల కాయ పోతుంది. ఒక్క రకం మీద, కొద్దిమంది కొనుగోలుదారుల మీద ఆధారపడితే ఏమవుతుందో 2025 సీజన్ చూపించింది: ఫ్యాక్టరీలు కిలోకు 8, ప్రభుత్వం 4 కలిపి 12 రూపాయలని నిర్ణయించాల్సి వచ్చింది. ఆసామి 1984లో పోయినా పురికొస చివర ఈ కార్డు విడిగా తగిలించండి.

గుత్త గురించి చెప్పకపోతే పాఠం అసంపూర్తి. చాలామంది ఆసాములు కాయ కోసి అమ్మరు. పూత మీదో పిందె మీదో తోటను వ్యాపారికి గుత్తకిస్తారు. ఆ తర్వాత గాలివాన వస్తే నష్టం గుత్తదారుది, ధర పెరిగితే లాభమూ ఆయనదే. తరగతిలో దీన్ని ఆటగా ఆడించొచ్చు: ఎనిమిది జట్లలో నాలుగు ఆసాములు, నాలుగు గుత్తదారులు. జనవరిలో బేరం, తర్వాత చీటీ తీస్తే మంచు, తేనెమంచు పురుగు, మార్చి గాలి, మంచి ధర అని ఏదో ఒకటి వస్తుంది. 15 నిమిషాలు చాలు. రెండోసారి ఆడితే బేరాలు మారతాయి, అది చూడాలి.

తోటకు తీసుకుపోవాలంటే జూన్ చివరి వారం మంచిది. బడులు తెరిచిన కొద్దిరోజులకే తోతాపురి కోతలు. పొద్దున 8 నుంచి 10 లోపు ముగించండి. చిక్కం కట్టిన గడతో కోసేటప్పుడు కింద పిల్లలు నిలబడకూడదు. తొడిమ తెగినచోట కారే సొన ఒంటిమీద పడితే చర్మం కాలినట్టు పొక్కుతుంది, వెంటనే నీళ్లతో కడగాలి. గట్టు లేని పాత బావికి పది అడుగుల దూరాన సున్నంతో గీత గీసి, అది దాటొద్దని చెప్పండి.

కడవ_లెక్క

అన్నా, మీ 1,620 చెట్ల లెక్క ఇంకొంచెం ముందుకు పోవాలి. లేత అంటుకు వారానికి రెండు కడవల నీళ్లనుకుందాం. 3,240 కడవలు. కడవకు 15 లీటర్లు వేసుకుంటే వారానికి 48,600 లీటర్లు. మొదటి రెండు మూడు వేసవులు ఇవి మోసింది ఎవరు? ఎక్కువగా ఆడవాళ్లు. "ఆసామి 60 ఎకరాల తోట పెట్టినాడు" అనే వాక్యాన్ని బోర్డు మీద రాసి, దాని కింద ఈ లెక్క చేయించండి. తర్వాత అదే వాక్యాన్ని పిల్లల్నే తిరగ రాయమనండి. ఆసామి గొప్పల దగ్గర ఆగిపోకుండా ఏం చేయాలని మొదట అడిగినారు కదా సార్, నాకు తెలిసిన మార్గం ఇదే.

ప్రతి కార్డుకూ వెనకవైపు ఉండాలి. ముందు ఆసామి, వెనక అదే ఏడు జీతగాడు. 1948 చట్టంతో ఆసామి శిస్తు సర్కారుకు పోయింది, జీతగాడికి ఏం మారింది? ఏమీ లేదు. అది రాయాల్సిందే. వెట్టి రద్దు చట్టం 1976లో వచ్చింది, దానికి ముందు 1975 అక్టోబరులో ఆర్డినెన్సు. అక్కడ జీతగాడి వైపు నిండుతుంది. అప్పు కింద ఏడాదికేడాది పనిచేయడం, ఆ అప్పు కొడుకు మీదికి రావడం అప్పటికి గానీ దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం కింద నేరం కాలేదు.

కూలి రేట్లు రూపాయల్లో పోలిస్తే పిల్లలకు అర్థం కాదు, నవ్వుతారు. "రోజు కూలితో ఎన్ని శేర్ల రాగులు వచ్చేవి?" అని ఇంట్లో అవ్వనో తాతనో అడిగి రమ్మనండి. సంగటి ముద్దల్లోకి మార్చితే ఇంకా బాగా అందుతుంది. ఆడ మగ కూలి వేరు వేరుగా అడగాలి, కలిపి అడిగితే మగ కూలే చెబుతారు.

ఒక హెచ్చరిక. "మీ తాత ఆసామా, జీతగాడా?" అని తరగతిలో ఎవరినీ అడగకండి. ఇంటినుంచి తెచ్చిన సమాధానాల మీద పేరు రాయించకండి, పెట్టెలో వేయించండి. లేకపోతే నలుగురే తెస్తారు, ఆ నలుగురూ ఆస్తిపరుల ఇళ్లవాళ్లే అవుతారు, మీ చరిత్ర ఒక పక్కకు ఒరిగిపోతుంది.

ఇంకొకటి, వీలైతే చేర్చండి. మన పక్కవాళ్లు ఊళ్లోని తోటకే కాదు, సముద్రం దాటి పరాయి తోటలకూ పోయినారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని నాటాల్ చేరింది. 1911 దాకా ఎక్కువగా అక్కడి చెరుకు తోటలకు ఇండియా నుంచి 1,52,184 మంది ఒప్పందం మీద పోయినారు, అందులో ఉత్తర ఆర్కాటు మనుషులు చాలామంది. ఓడ జాబితాలో పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది మచ్చ కూడా రాసేవాళ్లు. పాతవి కాబట్టి వాటిలో చిత్తూరు జిల్లా అనే మాటే ఉండదు. ఉత్తర ఆర్కాటు కింద వెతకాలి, మదనపల్లె మనిషైతే కడప కింద. ఊరి పేర్లు దొర విన్నట్టు రాసుకున్నాడు కాబట్టి పిల్లలు గట్టిగా పైకి చదివితేనే ఏ ఊరో తెలుస్తుంది. ఇది వాళ్లకు భలే ఇష్టమైన పని.

పురికొస_మాస్టారు

కార్డుకు రెండు వైపులు అన్న మాట బాగుంది అమ్మా, నేనూ అదే పద్ధతిలోకి మారుస్తాను.

భూపరిమితి గురించి ఎవరూ చెప్పలేదు, రెండు మాటలు. 1973 చట్టం 1975 జనవరి 1 నుంచి అమలు. ఐదుగురి కుటుంబానికి మెట్ట అయితే నేల రకాన్ని బట్టి 35 నుంచి 54 ఎకరాలు, తరి (నీటి పారుదల నేల) అయితే 10 నుంచి 27. మీ ఆసామికి 60 ఎకరాలు కాబట్టి నేల రకం మంచిదైతే 25 ఎకరాలు మిగులు, నాసిరకమైతే 6. ఒకే మనిషి, ఒకే విస్తీర్ణం, లెక్క ఇంత తేడా. నేల రకం ఎవరు నిర్ణయించారు అని పిల్లలే అడుగుతారు. 1971 జనవరి 24 తర్వాత రాసుకున్న బదిలీలను చట్టం అనుమానంతో చూసింది. అందుకే మీ నకలు భాగపరిష్కారం తేదీ ముందు చూడమనండి. మేజరైన కొడుకుకు వేరే లెక్క అన్నది కూడా చెప్పకపోతే, మిగులు భూమి ఎందుకు తగ్గిందో వాళ్లకు అంతుపట్టదు.

సాంఘికం_చిత్తూరు

చివరి పీరియడులో ఏం రాయించాలి? వ్యాసం రాయమంటే గైడు చూసి రాస్తారు.

పాత_దస్త్రం

వ్యాసం వద్దు. ఖాళీ అడంగల్ నమూనా ఒకటి జిరాక్సు తీసి ఇవ్వండి. అదే నేలకు 1935 (ఇది ఎస్టేటు కాలం, సర్కారు అడంగల్ ఉండదు, ఊహించి రాయాలి), 1950, 1970, 1984 నాలుగు వరసలు నింపమనండి: పట్టాదారు (కాగితం మీద హక్కుదారు), అనుభవదారు (నిజంగా సాగు చేసేవాడు), విస్తీర్ణం, నీటి వనరు, పంట. పట్టాదారు గడి, అనుభవదారు గడి వేర్వేరుగా ఎందుకున్నాయో తెలిసినవాడే ఆ రెండింట్లో వేర్వేరు మనుషుల్ని రాయగలడు. 1950 వరసలో విస్తీర్ణం, 1984 వరసలో ముక్కల మొత్తం సమానం కావాలి, లేదంటే మిగులు కింద పోయిన భూమి పక్కన చూపాలి. ఇది గైడులో దొరకదు. దిద్దడానికి జట్టుకు మూడు నిమిషాలు పడుతుంది.

కడవ_లెక్క

ఆ నమూనాకు చివర ఒక గడి పెంచండి సార్: "ఈ ఏడు ఇక్కడ పనిచేసినవారు". అసలు అడంగల్‌లో అట్లాంటి గడి లేదని తర్వాత చెప్పండి.